ప్రయోగాల కోసం పాత వన్‌ప్లస్ 6 ఇప్పుడు కొనవచ్చా? శ్రీకాకుళంలో ఆరు వేలకు ఇస్తామంటున్నారు

నాగావళి గట్టు (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది ఆమదాలవలస దగ్గర పల్లె కావడంతో రోజూ బస్సులో వచ్చి వెళ్తుంటాను. మొన్న ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక పాత ఫోన్ల షాపులో 8 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీ గల వన్‌ప్లస్ 6 కనిపించింది. షాపు ఆయన మొదట 6,500 చెప్పి, నేను మెట్లు దిగుతుండగా వెనక్కి పిలిచి 6,000 అన్నారు. అదే అద్దాల బల్లలో పోకో ఎఫ్1 కూడా 4,500కు ఉంది. రెండూ 2018లో వచ్చినవే, రెండింటిలోనూ ఉన్నది స్నాప్‌డ్రాగన్ 845 ప్రాసెసరే.

ఈ ఫోన్ల మీద నాకు మనసు పోవడానికి కారణం కెమెరా కాదు, ఆటలు కాదు. ప్రస్తుతం నా దగ్గర ఉన్న ఫోనుకు బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే వ్యవస్థను లేపే, తాళం వేసి ఉండే ప్రోగ్రాం) అన్‌లాక్ చేసుకునే అవకాశాన్ని తయారీదారు ఇవ్వలేదు. అందువల్ల దాని లోపల ఏం జరుగుతోందో చూడాలన్న కోరిక కోరికగానే మిగిలిపోయింది. బూట్‌లోడర్ తెరిచి, లీనియేజ్ ఓఎస్ అనే ఉచిత ఆండ్రాయిడ్ రకం ఎక్కించి, వీలైతే కెర్నల్‌ను (వ్యవస్థ గుండెకాయ వంటి భాగాన్ని) నేనే కంపైల్ చేసి చూడాలని ఉంది. చేతిలో ఉన్న సొమ్ము వేసవి సెలవుల్లో పలాసలో మా మేనమామగారి జీడిపప్పు బట్టీ దగ్గర లెక్కలు రాసి సంపాదించుకున్నది. అది పోతే మళ్లీ వేసవి దాకా రాదు. మా నాన్నగారు మాత్రం ఇంకో మూడు, నాలుగు వేలు తాను కలుపుతానని, కొత్త 5జీ ఫోను కొనుక్కోమని అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు.

పాత ఫోన్లతో అనుభవం ఉన్నవారు చెప్పండి. ఇంత పాత ఫోను ఇప్పుడు కొనడం తెలివైన పనేనా? కొంటే దాన్నే ఏకైక ఫోనుగా వాడుకోవచ్చా?

గంటస్తంభం (విజయనగరం) సమాధానం:

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను, కాబట్టి సాఫ్ట్‌వేర్ సంగతి తెలిసినవాళ్లకు వదిలేసి వస్తువు సంగతి చెబుతాను. వన్‌ప్లస్ 6 విడుదలైనప్పుడు 8 జీబీ రకం ధర 39,999 రూపాయలు, పోకో ఎఫ్1 ప్రారంభ ధర 20,999 రూపాయలు. ఆ ప్రాసెసర్ ఈనాటికీ మామూలు పనులకు తడబడదు. కానీ ఏడేళ్లు దాటిన ఫోనులో నువ్వు కొంటున్నది ప్రాసెసర్ ఒక్కటే కాదు, దాని బ్యాటరీ, డిస్ప్లే, చార్జింగ్ బోర్డు కూడా. ఈ మూడింటిలో ఏది పోయినా నువ్వు బేరమాడి తగ్గించుకున్న ఐదు వందలు ఒక్క పూటలో వెనక్కి వెళ్లిపోతాయి.

ముందు డిస్ప్లే చూడు. వన్‌ప్లస్ 6కు కంపెనీ వేసినది అమోలెడ్. అది పగిలినప్పుడు ఖర్చుకు వెనకాడి చాలామంది తక్కువ రకం ఎల్‌సీడీ కాంబో (తెర, టచ్ కలిపిన సెట్టు) వేయించుకుంటారు. దాన్ని గుర్తించడం కష్టం కాదు. పూర్తిగా నల్లగా ఉన్న బొమ్మను తెరిచి, చేతులు అడ్డుపెట్టి చీకట్లో చూస్తే అమోలెడ్ ఆరిపోయినట్టు కనిపిస్తుంది, ఎల్‌సీడీ బూడిదరంగులో వెలుగుతూనే ఉంటుంది. ఒరిజినలే అయితే తెల్లటి పేజీ తెరిచి, పైన గడియారం ఉండేచోట, కింద బటన్లు ఉండేచోట మచ్చలు పడ్డాయేమో చూసుకో. ఎవరైనా దీని తర్వాతి రకమైన వన్‌ప్లస్ 6టీ చూపిస్తే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాని వేలిముద్ర సెన్సర్ తెర కింద ఉంటుంది, ఎల్‌సీడీ కాంబో వేస్తే అది పనిచేయదు. వన్‌ప్లస్ 6కు సెన్సర్ వెనక వైపు ఉండటం వల్ల ఆ బాధ లేదు. హెడ్‌ఫోన్ రంధ్రం కూడా 6కు ఉంది, 6టీకి లేదు.

బ్యాటరీ 3,300 ఎంఏహెచ్ మాత్రమే, పోకోది 4,000. పాత బ్యాటరీని మార్చించాలంటే వన్‌ప్లస్ 6 వెనక ఉన్న గాజు పలకను వేడిచేసి ఊడదీయాలి. చేయి తిరగనివాడు చేస్తే ఆ గాజు బీటలు వారుతుంది. పోకో వెనక భాగం ప్లాస్టిక్ కావడం వల్ల మా పని తేలిక. షాపులో బేరమాడుతున్నంతసేపూ వెలుతురు పూర్తిగా పెంచి ఒక వీడియో ఆడించు. ఇరవై నిమిషాల్లో చార్జింగ్ ఎన్ని శాతం దిగిందో, దిగేటప్పుడు ఒక్కసారిగా ఐదారు అంకెలు దూకిందో చూసుకుంటే బ్యాటరీ వయసు నీకే తెలుస్తుంది. వెనక పలక అంచులు కొద్దిగా లేచి ఉన్నా ఆ ఫోను ముట్టుకోవద్దు, బ్యాటరీ ఉబ్బిందని అర్థం.

ఇంకొక సంగతి మన ప్రాంతానికి సంబంధించినది. భీమిలి నుంచి బారువ దాకా తీరం పొడవునా వాడిన ఫోన్లు నా బల్ల మీదికి ఎన్నో వస్తుంటాయి. ఉప్పుగాలికి చార్జింగ్ పోర్టు లోపలి కాళ్లకు చిలుము పడుతుంది. చిన్న టార్చి వేసి లోపల పచ్చటి పొడి ఉందేమో చూడు. నీలా కంప్యూటరుకు కేబుల్ కలిపి ఫైళ్లు ఎక్కించేవాడికి ఆ పోర్టే ప్రాణం, ఎక్కిస్తుండగా మధ్యలో కనెక్షన్ తెగితే చిక్కు.

చివరగా, డబ్బు ఇవ్వకముందే *#06# నొక్కి ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) చూసుకుని, కేవైఎం అని రాసి ఒక ఖాళీ విడిచి ఆ 15 అంకెలను 14422కు ఎస్ఎంఎస్ పంపు. దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే ఆ సమాధానంలోనే తెలుస్తుంది. పాత యజమాని గూగుల్ ఖాతా తీసేయించి, నీ కళ్లముందే రీసెట్ చేయించుకో. చేతిరాతతోనైనా సరే, ఐఎంఈఐ వేసిన బిల్లు లేకుండా తీసుకోవద్దు.

తోటపల్లి కాలువ (బొబ్బిలి) సమాధానం:

పై అన్నగారు చెప్పినదంతా నిజం. నేను వన్‌ప్లస్ 6ను మూడేళ్లుగా లీనియేజ్ ఓఎస్‌తో వాడుతున్నాను కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. కొనండి, కానీ ఏకైక ఫోనుగా వద్దు.

మొదట్లో నేను కూడా దాన్నే ఏకైక ఫోనుగా పెట్టుకున్నాను. ఒక ఉదయం విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టిఫిను చేసి, చేయి కడుక్కుని వచ్చి డబ్బు పంపబోతే, ముందురోజు రాత్రి వరకు చక్కగా పనిచేసిన చెల్లింపుల ఆప్ ఈ పరికరం సురక్షితం కాదని చెప్పి తెరుచుకోవడం మానేసింది. జేబులో చూస్తే బస్సు చార్జీకి సరిపడా చిల్లర తప్ప ఏమీ లేదు. హోటలు ఆయన పెద్దమనిషి. రేపు వచ్చినప్పుడు ఇద్దురు గాని వెళ్లండి అన్నారు. నలభై రూపాయల అప్పుతో బొబ్బిలి బస్సెక్కిన ఆ రోజే రెండో ఫోను అవసరం నాకు తెలిసివచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మీరు ఆశ్చర్యపోరు. బ్యాంకు ఆప్‌లు, యూపీఐ ఆప్‌లు ఫోనును నమ్మవచ్చా అని గూగుల్ వారి ప్లే ఇంటిగ్రిటీ అనే సేవను అడుగుతాయి. ఇంతకుముందు ఆ పనిని సేఫ్టీనెట్ చేసేది. బూట్‌లోడర్ తెరిచి ఉంటే ఆ సంగతిని ప్రాసెసర్‌లోని భద్రతా విభాగం స్వయంగా సాక్ష్యం చెబుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్చి చెప్పించలేము. ఇన్నాళ్లూ మాజిస్క్ (ఫోను మీద పూర్తి అధికారం, అంటే రూట్, ఇచ్చే సాధనం) మాడ్యూళ్లతో ఆ సాక్ష్యం అడగనివ్వకుండా తప్పించుకునే ఉపాయాలు నడిచాయి. 2025 మే నెల నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై రకాలకు నిబంధనలను గట్టిపరచడంతో ఆ దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఏ ఆప్ ఎంత గట్టిగా అడుగుతుందనేది ఆ ఆప్ చేసినవారి ఇష్టం. రూట్ చేయకుండా లీనియేజ్ మాత్రమే ఎక్కించిన నా ఫోనులో ఈ రోజుకీ ఒక యూపీఐ ఆప్ పనిచేస్తుంది, ఒక బ్యాంకు ఆప్ పనిచేయదు. రేపు ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను.

మరి ఎందుకు కొనమంటున్నానంటే, నేర్చుకునేవాడికి ఇంతకంటే ఓపికగల ఫోను నేను చూడలేదు. బూట్‌లోడర్ తెరవడానికి కంపెనీ అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు. డెవలపర్ ఆప్షన్లలో ఓఈఎం అన్‌లాకింగ్ మీట వేసి, కంప్యూటరు నుంచి ఫాస్ట్‌బూట్ ఓఈఎం అన్‌లాక్ అన్న ఒక్క ఆదేశం ఇస్తే చాలు. పోకోకు అలా కాదు, షావోమీ ఖాతాను ఫోనుకు జతచేసి, విండోస్ కంప్యూటరులో వారి టూల్ పెట్టుకుని, గడువు పూర్తయ్యేదాకా రోజుల తరబడి కాచుకోవాలి. ఏ ఫోనుకైనా అన్‌లాక్ చేసిన క్షణంలో లోపలి సమాచారమంతా చెరిగిపోతుందని మాత్రం మరిచిపోవద్దు.

వన్‌ప్లస్ 6లో వ్యవస్థ ఏ, బీ అనే రెండు స్లాట్లలో (విడివిడి అరల్లో) ఉంటుంది. ఒకదాని నుంచి ఫోను నడుస్తుండగా కొత్త అప్‌డేట్ రెండోదానిలోకి వెళ్తుంది, అది లేవకపోతే ఫోను తిరిగి పాతదాని మీదికి వస్తుంది. ఇందులోనే కొత్తవాళ్లు బోర్లాపడే చోటు కూడా ఉంది. ఒక స్లాటులో వన్‌ప్లస్ వారి సొంత వ్యవస్థ ఆక్సిజన్ ఓఎస్ 11 నాటి ఫర్మ్‌వేర్ (చిప్పులను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్), రెండోదానిలో అంతకన్నా పాతది మిగిలిపోయిన ఫోనుకు లీనియేజ్ ఎక్కిస్తే, అది స్లాటు మారిన రోజున చచ్చినట్టు పడిపోతుంది. అందుకే ముందు కంపెనీ చివరి అప్‌డేట్ అయిన ఆక్సిజన్ ఓఎస్ 11 వరకు తీసుకువెళ్లి, లీనియేజ్ వారి సూచనల్లో చెప్పినట్టు రెండు స్లాట్లలోనూ ఒకే ఫర్మ్‌వేర్ ఉండేలా నకలు చేసుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. నేను ఆ మెట్టు దాటవేసి రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను. చివరికి ప్రాసెసర్ చేసిన క్వాల్‌కామ్ వారి ఈడీఎల్ అనే అత్యవసర మోడ్‌లోకి తీసుకువెళ్లి ఎంఎస్ఎం టూల్‌తో ఫ్యాక్టరీ స్థితికి తెచ్చుకోగలిగాను. అలా తిరిగి లేపగలిగిన ఫోను కాబట్టే మీకు ధైర్యంగా చెబుతున్నాను.

సీతంపేట కొండగాలి (పార్వతీపురం మన్యం) సమాధానం:

బాబూ, నేను ఏజెన్సీ బడిలో లెక్కలు చెప్పే మాస్టారును. పై ఇద్దరూ నీకు ఉత్సాహం కలిగిస్తున్నారు, నేను కాస్త నీళ్లు చల్లుతాను, ఏమీ అనుకోవద్దు.

లీనియేజ్ ఎక్కిస్తే పాత ఫోనుకు నెలనెలా భద్రతా సవరణలు వస్తాయని, కాబట్టి కొత్త ఫోనుతో సమానమని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. ఆండ్రాయిడ్‌లో అందరికీ తెరిచి ఉంచిన భాగానికి మాత్రమే ఆ సవరణలు వస్తాయి. మోడెమ్, గ్రాఫిక్స్, వేలిముద్ర సెన్సర్ వంటివాటిని నడిపే మూసిన ఫర్మ్‌వేర్ క్వాల్‌కామ్, ఫోను కంపెనీ ఇవ్వవలసినది. వాళ్లు ఆ ఫోనును వదిలేసిన నాడు అది అక్కడే ఆగిపోయింది. ఇంటి గోడలకు ఏటా సున్నం వేస్తున్నా పునాదిని ముట్టుకునేవాడు లేనట్టన్నమాట. దానికి తోడు తెరిచిన బూట్‌లోడర్ గల ఫోను దొంగ చేతిలో పడితే, వాడు తన సొంత సాఫ్ట్‌వేర్‌ను దాని మీద నడిపి చూడగలడు. ప్రయోగాల ఫోనుకు ఇది పెద్ద బాధ కాదు. తల్లిదండ్రుల ఖాతాల ఓటీపీలు వచ్చే ఫోనుకు మాత్రం నేను ఒప్పుకోను.

ఇక సిగ్నల్ సంగతి. ఈ రెండు ఫోన్లలోనూ 5జీ లేదు, ఉండదు. శ్రీకాకుళం పట్టణంలో 4జీతో నీ పని ఆగదు. అయితే మా కొండల్లో చాలాచోట్ల బీఎస్ఎన్ఎల్ ఒక్కటే దిక్కు. దాని 4జీ 700 మెగాహెర్ట్జ్, 2100 మెగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. కొండల్లో దూరం వచ్చేది ఆ 700దే, అంటే బ్యాండ్ 28. వన్‌ప్లస్ 6కు ఆ బ్యాండ్ ఉంది, పోకో ఎఫ్1కు లేదు. పదిహేను వందల తేడాను చూసి పోకో వైపు మొగ్గేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. జియో సిమ్ అయితే మరొక మెలిక ఉంది. జియోకు 2జీ, 3జీ లేవు, కాబట్టి వీఓఎల్‌టీఈ (4జీ మీద కాల్ మాట్లాడే ఏర్పాటు) పనిచేయకపోతే ఆ సిమ్‌తో కాల్ వెళ్లదు, రాదు. కస్టమ్ రోమ్ (లీనియేజ్ వంటి బయటి వ్యవస్థ) మార్చిన ప్రతిసారీ ముందు పరీక్షించవలసినది కెమెరాను కాదు, ఈ వీఓఎల్‌టీఈని.

ఆండ్రాయిడ్ కెర్నల్‌కు మూలమైన లైనక్స్ నేర్చుకోవడమే నీ ఉద్దేశమైతే, ఎవరింట్లోనైనా మూలపడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఈ ఫోను కంటే ఎక్కువ నేర్పుతుంది, పైసా ఖర్చు కాదు. నీకు ఒక్క ఫోనుకే డబ్బు ఉంటే మీ నాన్నగారి మాటే వినమని నా సలహా.

తోటపల్లి కాలువ (బొబ్బిలి) సమాధానం:

మాస్టారూ, మీ మొదటి రెండు మాటలకూ తలవంచుతాను. ల్యాప్‌టాప్ మాట దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరు. ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కిస్తే అది ముందే చదును చేసిన దారి, అన్నీ వాటంతట అవే పనిచేస్తాయి. అదే ఈ 845 ఫోన్లలో పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే ఫోన్ల లైనక్స్ ఎక్కించి చూస్తే, డివైస్ ట్రీ (ఫోనులో ఏయే భాగాలున్నాయో కెర్నల్‌కు చెప్పే వర్ణన) అంటే ఏమిటో, ఒక డిస్ప్లే ప్యానెల్ వెలగాలంటే కెర్నల్‌కు ఏమేం చెప్పాలో చేతితో తాకి తెలుసుకుంటాం. పోకో ఎఫ్1నే తీసుకోండి. కంపెనీ తియాన్మా, ఈబీబీజీ అనే రెండు ప్యానెళ్లు వాడటం వల్ల మెయిన్‌లైన్ (అసలు లైనక్స్) కెర్నల్‌లో రెండు వేర్వేరు వర్ణనలు రాయవలసి వచ్చింది. తప్పు వర్ణన ఎక్కిస్తే తెర నల్లగానే ఉండిపోతుంది. పైన అన్నగారు చెప్పిన డూప్లికేట్ కాంబో ఇక్కడ మరో రకంగా దెబ్బతీస్తుంది, దాని వర్ణన కెర్నల్‌లో ఎవరూ రాసి ఉండరు. ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రవాడికి ఈ పాఠం తరగతిలో దొరకదు. అలాగని పోస్ట్‌మార్కెట్ ఓఎస్‌ను ఫోనుగా నమ్ముకోవద్దు. కెమెరా, కాల్స్ విషయంలో దాని మీద భరోసా పెట్టుకోలేము.

ఇంకొక ఉపయోగం కూడా చెప్పి ఆపుతాను. ఎఫ్‌-డ్రాయిడ్ అనే ఉచిత ఆప్‌ల దుకాణం నుంచి టెర్మక్స్ (ఫోనులో లైనక్స్ ఆదేశాలు నడిపే ఆప్) పెట్టుకుంటే ఆ 8 జీబీ ర్యామ్ గల ఫోను చిన్న సర్వరుగా పనికివస్తుంది. కరెంటు పోయినా దానికి సొంత బ్యాటరీ ఉంటుంది. నా ఫోను ఇప్పుడు ఇంట్లో ఒక మూల కూర్చుని మా పొలం మోటారు దగ్గరి సెన్సర్ లెక్కలు రాసుకుంటోంది. ఎప్పుడూ చార్జింగులోనే ఉంచితే మాత్రం బ్యాటరీ ఉబ్బుతుంది, కాబట్టి 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు చేసుకోవాలి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారం కళాశాల అయ్యాక షాపుకు వెళ్లాను, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మీ మాటలు చదివాక పోకోను పక్కన పెట్టేశాను. మా అమ్మగారి పుట్టిల్లు సీతంపేట దారిలోనే ఉండటం వల్ల బ్యాండ్ 28 మాట నాకు గట్టిగా తగిలింది. వన్‌ప్లస్ 6లో నల్లటి బొమ్మ తెరిచి, రుమాలు కప్పి చూస్తే తెర పూర్తిగా ఆరిపోయింది. ఒరిజినలే. తెల్లటి పేజీలో కింద బటన్లు ఉండేచోట లేత గులాబీ గీత ఒకటి కనిపించింది. దాన్ని చూపించి అడిగితే షాపు ఆయన ఇదేం పరీక్ష బాబూ అని నవ్వారు గాని, ధర 5,600కు దించారు. వీడియో ఆడించిన ఇరవై నిమిషాల్లో చార్జింగ్ పదకొండు శాతం దిగింది, ఎక్కడా దూకలేదు. పోర్టులో చిలుము లేదు, దుమ్ము మాత్రం గట్టిగా పేరుకుని ఉంటే పుల్లతో తీసేశారు. 14422 నుంచి వచ్చిన సమాధానంలో అభ్యంతరం ఏమీ లేదు. నా జియో సిమ్ వేసి మా నాన్నగారికి కాల్ చేసి, షాపులో నుంచే విషయం చెప్పాను. ఆయన ఒక్క షరతు పెట్టారు. నా సిమ్, బ్యాంకు, యూపీఐ అన్నీ ఇప్పుడున్న ఫోనులోనే ఉండాలి, కొత్తగా కొన్నదాని జోలికి అవి వెళ్లకూడదు. మాస్టారు చెప్పినదీ అదే కాబట్టి మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాను.

ఇంటికి వచ్చి చూస్తే అందులో ఉన్నది ఆక్సిజన్ ఓఎస్ 10. ముందు 11కు తీసుకువెళ్లాలి కదా. అప్‌డేట్ ఫైలు రెండు జీబీలకు పైగా ఉంది, మా పల్లెలో సిగ్నల్ రాత్రి పది దాటితే గాని కుదురుగా రాదు. ఒకటే సందేహం మిగిలింది. 11 ఎక్కిన తర్వాత రెండో స్లాటులో మాత్రం ఇంకా 10 నాటి ఫర్మ్‌వేరే ఉండిపోతుందా?

తోటపల్లి కాలువ (బొబ్బిలి) సమాధానం:

అవును, ఉండిపోతుంది. నా రెండు రాత్రులు పోయింది అక్కడే. 11 ఎక్కిన వెంటనే లీనియేజ్ రికవరీలోకి (వ్యవస్థను ఎక్కించే మెనూలోకి) వెళ్లి, స్లాట్ల నకలు ఫైలును సైడ్‌లోడ్ చేసి (కంప్యూటరు నుంచి ఎక్కించి), రికవరీని ఒకసారి రీబూట్ చేసి, ఆ తర్వాతే లీనియేజ్ ఫైలు ముట్టుకోండి. బ్యాటరీ యాభై శాతం కంటే తక్కువ ఉన్నప్పుడు మాత్రం మొదలుపెట్టవద్దు.